నల్లబడ్డ ఇనుము

ఎర్రగా కాలిన ఇనుముతో ఎవరూ మోసపోరు. నల్లబడ్డ ఇనుమే చేతులు కాలుస్తుంది. తొంభైల్లో బహ్రెయిన్‌లో, హిద్ దగ్గర ఒక వర్క్‌షాపులో నేను వెల్డర్‌ని. మందపాటి ఇనుప పలకను కోశాక ఎరుపు కాసేపట్లో పోతుంది కానీ, వేడి గంట దాటినా పోదు. అందుకే కోసినవాడు దాని మీద సుద్దముక్కతో ‘గరం’ అని రాసి పక్కకు వెళ్లాలి. రాయకుండా పోయినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. నిప్పురవ్వలంటే మాత్రం మాకు లెక్కలేదు. పలక కంటే అవే ఎక్కువ వేడి, కానీ నలుసంత ఉండేవి కాబట్టి చేతి మీద చురుక్కుమని ఆరిపోయేవి. ఇంత తెలిసిన మొనగాణ్ణి నేను.

మేముండే క్యాంపులో నా పక్క మంచం మా పక్క ఊరి పెద్దాయనది. కాకా అని పిలిచేవాణ్ణి. ఆగస్టులో ఒకరోజు పదకొండింటికి, ఎండలో సామాన్ మోస్తూ కూలబడ్డాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. వ్యాన్‌లో గదికి తెచ్చి, ఏసీ పెంచి, గుడ్డలో ఐసు చుట్టి నుదుటి మీదా చంకల్లోనూ పెట్టాను. గంటకు కళ్లు తెరిచాడు. నుదురు చల్లగా తగిలింది. థర్మామీటరు పెడితే జ్వరం లేదన్నట్టే చూపించింది. ఐసు తీసిన చంకలోనే పెట్టాను మరి!

“లోపట మండుతుందిరా,” అన్నాడు కాకా.

“ఏం గాదే కాకా, సల్లవడ్డవ్. పండుకో. నేను డ్యూటీకి వోయొస్త.”

“జర కూసోరాదురా.”

“ఓవర్‌టైం ఉన్నదే. జెప్పన అస్త.”

ఏసీ చలికి వణుకుతాడేమోనని దుప్పటి కూడా కప్పి వెళ్లాను. నా బుద్ధికి అంతకంటే తోచలేదు.

సాయంత్రం ఆరింటికి వచ్చేసరికి కాకా పలకడం లేదు. దుప్పటి లాగి ఛాతీ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. ఆసుపత్రికి పరిగెత్తాం. మర్నాడు పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి సైన్సు పాఠం అప్పజెప్పించుకోమని పుస్తకం నా చేతిలో పెట్టింది. ఉష్ణోగ్రత అంటే ఎంత వేడెక్కిందో చెప్పే అంకె. ఉష్ణశక్తి అంటే వస్తువు లోపల మొత్తంగా ఉన్నది. ఉష్ణం అంటే వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువులోకి పోయేది. పిల్ల గడగడా చెప్పేసింది. కాకా పడిపోయిన రోజు నేను చూసింది చర్మం మీది అంకె ఒక్కటే. పొద్దుటి నుంచి ఎండా పనీ కలిసి ఆ మనిషిలో నింపినదంతా లోపలే ఉంది. గుప్పెడు ఐసులోకి అందులో ఎంత పోతుంది? ఇనుము విషయంలో తెలిసినది మనిషి దగ్గర ఎందుకు గుర్తు రాలేదు? పుస్తకం విసిరేసి పిల్లను కసిరాను. పాపం, దానికేం తెలుసు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గిందన్నా నమ్మను. పక్కనే కూర్చుని పదే పదే తాకి చూస్తుంటాను. కూసోరాదురా అన్న ఆ గొంతు నన్ను లేవనివ్వదు.

అప్పట్లో కాకా శవపెట్టెతో వాళ్ల ఊరికి వచ్చింది నేనే. దినాలయ్యాక కాకా భార్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

“ఆఖరికి ఒళ్లు గాలిందా బిడ్డా? బాగ గోసవడ్డడా?”

“లేదు చిన్నమ్మా. నేను చెయ్యేసి సూసినప్పుడు సల్లగనే ఉండె.”

అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఆమె నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది.

“దేశంగాని దేశంల ఒక్కడే పానం ఇడిసిండేమో అని ఏడ్సిన. నువ్వు పక్కన్నే కూసున్నవ్ గదా, గంతే సాలు,” అంది.

“అవు చిన్నమ్మా,” అన్నాను.