చెమ్కీ అల్లుడి గొంతు

ఆ రోజుల్లో పాట పాడాలంటే గొంతు ఉండాలనే మూఢనమ్మకం ఒకటి మా ప్రాంతంలో బలంగా ఉండేది. ఎనభైల చివర్లో డిస్కో క్యాసెట్లు వచ్చి దాన్ని తుడిచిపెట్టేశాయి. తళతళలాడే కోటు, నల్లకళ్లద్దాలు, క్యాసెట్ అట్ట మీద ఫోటో వేయించగల మామగారు ఉంటే చాలు, గొంతు ఎవరి దగ్గరైనా తెచ్చుకోవచ్చని తేలిపోయింది. ఇప్పుడు మా మనవరాలు చూసే టీవీలో పిల్లలు మైకును గడ్డానికి ఆనించుకుని, కప్పల్లా గెంతుతూ, ఏమాత్రం ఆయాసపడకుండా పాడుతుంటే, మణుగూరు దగ్గరి మా గని కాలనీ గుర్తొస్తుంది. (నేను రోజూ డైరీ రాసే మనిషిని. అయినా ఈ సంగతి కోసం డైరీ తెరవాల్సిన అవసరం ఏనాడూ పడలేదు.)

అప్పుడే నాకు గని టైమాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కా బావల క్వార్టర్‌లోనే మకాం. బావ కాలనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్. కాలనీలో ఎవరు ఫోనెత్తినా ముందు వినిపించేది ఆయన గొంతే: "నంబర్ ప్లీజ్." వేడి పాలల్లో చక్కెర కరిగినట్టుండేది ఆ గొంతు. గనిలో మోటారు చెడిపోయినా, దవాఖానాలో ఎవరికైనా నొప్పులు మొదలైనా, ఆ రెండు మాటలు విన్నాకే ఏ పనైనా కదిలేది. ఆ గొంతు తెలియనివాళ్లు కాలనీలో లేరు, కానీ దాని వెనక మనిషిని చూసినవాళ్లు తక్కువ, పేరు తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందరికీ ఆయన 'ఎక్స్ఛేంజి'. మా అక్క కూడా ఆ పేరు పలికేది కాదు. మా వైపు ఇల్లాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. ఆయనతో 'ఇగో', 'ఇనబడ్తుందా', నాతో అయితే 'మీ బావ'. రేషన్ షాపులో ఇంటాయన పేరడిగితే నన్ను ముందుకు తోసి తను పక్కకు చూసేది.

మా కాలనీలో బొగ్గు లారీల కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆయన అల్లుడికి ఎండాకాలంలో కూడా చెమ్కీలు కుట్టిన కోటు తొడుక్కునే జబ్బు ఉండేది కాబట్టి మేం 'చెమ్కీ అల్లుడు' అనుకునేవాళ్లం. ఈయనగారికి ఉన్నట్టుండి పాప్ గాయకుడు కావాలనిపించింది. పాడితే పక్కింటి కుక్కలు లేచి కూర్చునేవి, అది వేరే విషయం. మామగారు ఖమ్మంలో క్యాసెట్ల షాపు వెనక, గోడలకు బొంతలు వేలాడదీసిన గదిని కిరాయికి మాట్లాడి, డ్యూటీలో కూనిరాగాలు తీసే మా బావను లారీలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. "నువ్వు ముందు పాడవయ్యా, అల్లుడుగారు విని పట్టుకుని తర్వాత పాడతారు" అన్నారట. బావ నమ్మాడు. పాటలన్నీ పాడాడు. బిర్యానీ పెట్టి పంపించారు. అల్లుడుగారు విన్నాడు, కోటు సర్దుకున్నాడు, అంతటితో రికార్డింగ్ అయిపోయింది.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద మోటార్‌సైకిలుకు ఆనుకుని చెమ్కీ అల్లుడు, చేతిలో మైకు. గానం దగ్గర ఆయన పేరే. కింద కృతజ్ఞతలు అని ఒక చాంతాడు: ఫోటో తీసినాయన, కోటు కుట్టినాయన, మోటార్‌సైకిలు అరువిచ్చినాయన. నేను చదివి వినిపిస్తుంటే అక్క చేటలో బియ్యం వదిలేసి లేచింది.

"ఏందిరా, బండిచ్చినోని పేరున్నది, గొంతిచ్చినోని పేరు లేదా?"

బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "పోనీలేవే, పాటైతే బయటికొచ్చింది గదా" అన్నాడు.

"పాట బయటికొచ్చింది. నువ్వు లోపల్నే ఉన్నవ్."

ఆ మాటకు బావ నవ్వాడు గానీ, ఆ రోజు అన్నం సగంలో లేచాడు. అది అక్క చూసింది. కాలనీ వార్షికోత్సవంలో అల్లుడు ఆ పాటలకు డ్యాన్సు చేస్తున్నాడని తెలిసి, ఆ మైకులో మీ బావ పేరు ఒక్కసారి చెప్పించాలని నా వెంటపడింది. ఉత్సవ కమిటీలో టేప్‌రికార్డర్ బాధ్యత నాది. (పద్ధతిగల కుర్రాడినని ఇచ్చారు.) కాంట్రాక్టరు దగ్గరికి పోయి వినయంగా అడిగాను. ఆయన నా భుజం తట్టి, "ఆపరేటరు పేరు చెబితే మా వాడి క్యాసెట్టు ఎవడు కొంటాడండీ?" అన్నాడు. చేతిలో ఒక క్యాసెట్ ఉచితంగా పెట్టి పంపించాడు. దాన్ని అక్క పొయ్యిలో పెట్టబోతుంటే బావే లాక్కున్నాడు.

ఉత్సవం నాటి సాయంత్రం స్టేజీ మీద మేనేజరుగారి కుర్చీ పక్కనే ఒక ఫోను పెట్టారు. గనిలో ఏమైనా అయితే ఆయనకు వెంటనే తెలియాలి, అందుకని ఎక్కడ సభ జరిగినా ఎక్స్ఛేంజి నుంచి ఒక వైరు లాగడం మా దగ్గర రివాజు. ఆ పూట ఎక్స్ఛేంజిలో డ్యూటీ బావది. కార్యక్రమం కాగితంలో ఆరింటికి డిస్కో అని ఉంది కాబట్టి ఆరింటికి నేను స్టేజీ మూలన టేప్‌రికార్డర్ మీట నొక్కాను. చెమ్కీ అల్లుడు ఇంకా స్టేజీ పక్కన జుట్టు దువ్వుకుంటున్నాడు. ఆయన లేకుండానే ఆయన పాట మొదలైంది. దువ్వెన చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చి, రెండో లైనులో నోరు కలిపాడు.

జనం కాసేపు ఈల వేశారు. తర్వాత ఈలలు తగ్గి గుసగుసలు మొదలయ్యాయి. ఈ పెద్దమనుషులు గొంతు దొంగిలించాలనుకుంటే ఖమ్మంలో దొంగిలించవచ్చు, బెజవాడలో దొంగిలించవచ్చు. కాలనీ అంతా రోజూ చెవికి ఆనించుకునే గొంతునే తెచ్చి అదే కాలనీకి వినిపించే తెలివి వాళ్లకే చెల్లింది. ముందు వరసలో బొగ్గు పేల్చే పని చేసే ముసలాయన కూర్చున్నాడు, అందరికీ మామ. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఓ అల్లుడు బాబూ, ఒక్కపారి నంబర్ ప్లీజ్ అనరాదు?"

మైదానం గొల్లుమంది. వెనక నుంచి ఒకరు, ఆడవాళ్ల వైపు నుంచి నలుగురు, చివరికి అందరూ అదే అడగడం మొదలుపెట్టారు. మేనేజరుగారు చెయ్యెత్తారు. నేను టేపు ఆపాను. పాట ఆగాక కూడా చెమ్కీ అల్లుడి పెదాలు కాసేపు ఆడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆయన మైకులో, "గొంతు పట్టేసిందండీ" అన్నాడు. పీపీ బూరలాంటి ఆ గొంతు విన్నాక ఇంక సాక్ష్యం అక్కరలేకపోయింది.

మేనేజరుగారు, "రోజూ పొద్దుగాల నన్ను లేపే గొంతిది" అంటూ ఫోనెత్తి దాన్ని మైకుకు ఆనించారు. మైదానమంతా వినిపించింది: "నంబర్ ప్లీజ్." చప్పట్లు ఆగాక ఆయన అడిగారు, "క్యాసెట్ల పాడింది నువ్వేనా?"

ఫోనులో ఏదో ప్లగ్గు గుచ్చిన చప్పుడైంది. తర్వాత, "సార్, మూడో నంబర్ గని లైను వెయిటింగ్‌లున్నది. ఇయ్యమంటారా?"

"ఇద్దువుగానీ, నీ పేరేందయ్యా?"

"ఎక్స్ఛేంజి, సార్."

డ్యూటీలో ఆపరేటరు తన పేరు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. మేనేజరుగారు నా వైపు తిరిగారు. అంత పెద్దాయన సూటిగా చూసేసరికి నా నోటికి వచ్చింది ఒక్కటే: "మా బావ, సార్." జనం మళ్లీ నవ్వారు. "అందరూ ఎవరికో ఒకరికి బావనే. పేరు చెప్పు" అన్నారాయన. నేను టేప్‌రికార్డర్ వైరు సర్దడం మొదలుపెట్టాను. ఇంతలో ఆడవాళ్ల వైపు నుంచి అక్క కొంగు బిగించుకుని వచ్చి మెట్లెక్కింది. నా దాకా వచ్చి నన్ను ముందుకు తోస్తుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. తోయలేదు. మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, అంది.

"వీరభద్రం."

ఫోనులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. తర్వాత లైను మూడో నంబర్ గనికి మారిపోయింది.

కాంట్రాక్టరు అట్ట మార్చలేదు, మారుస్తాడని ఎవరూ అనుకోలేదు. చెమ్కీ అల్లుడు మరో క్యాసెట్ చేశాడు. ఈసారి గొంతు చాలా దూరం నుంచి తెచ్చుకున్నాడని విన్నాను, ఆ మాత్రం ఎదుగుదల ఉంది. మర్నాటి నుంచి కాలనీలో ఫోనెత్తినవాళ్లు ముందు "వీరభద్రంగారూ" అని, ఆ తర్వాతే నంబరు చెప్పేవాళ్లు. ఆయనేమో ప్రతిసారీ ఒక క్షణం తడబడేవాడు. అక్క మళ్లీ ఆ పేరు ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "ఒక్కపారి చెప్పిన గదా, ఇననోళ్లది తప్పు" అనేది.

ఇందులో ఎవరి పేరూ రాయకుండా ఒక్కటి మాత్రం ఎందుకు రాశానో ఇప్పుడు చెప్పక్కరలేదు. వయసు మీద పడ్డాక నాకు మరో జబ్బు పట్టుకుంది. ఎవరికైనా ఫోను చేస్తే, వాళ్లు వేరొకరితో మాట్లాడుతున్నారని ఒకమ్మాయి గొంతు చక్కగా చెబుతుందే, ఆ అమ్మాయిని "నీ పేరేందమ్మా?" అని అడుగుతాను. అది టేపు తాతయ్యా అని మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నాకూ తెలుసు. అయినా అడిగాక, ఎందుకైనా మంచిదని కాసేపు ఆగి పెట్టేస్తాను.