మూడో కుప్ప

జహీరున్నీసాకి నా ఇంగ్లీషు మీద ఎక్కడ లేని నమ్మకం. నల్లపాడులో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన పానకాలు మాస్టారికి తెలియని మాటే ఉండదని ఎవరో ఆమెకి ఎక్కించారు. వాళ్ళ నోరు పడిపోను!

ఆమె పుట్టిల్లు పెదకాకాని. తండ్రి జాన్ బాషా పరుపులకి దూది ఏకేవాడు. ఏడో తరగతితో బడి మాన్పించి పెళ్ళి చేస్తే మా వీధికి కాపరానికొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా మిరపకాయల షెడ్డులో పని. కాయకి తొడిమ తీయాలి, ఎర్రకాయని ఒక కుప్పలో, తెల్లబోయిన తాలుకాయని ఇంకో కుప్పలో వేయాలి. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు. మేస్త్రీ గొంతు పెంచితే "ఏంది నీ అరుపు, మేమేమన్నా చెవిటోళ్ళమా?" అని దులిపేస్తుంది.

భర్త సాదిక్ లారీ డ్రైవరు. వీధి మలుపులో రెండుసార్లు హారన్ కొడితే ఈమె పొయ్యి మీద టీ పెట్టేది. కిందటి అక్టోబరు తుఫానులో చిలకలూరిపేటలో పత్తి బేళ్ళు ఎత్తుకుని ఒంగోలు వెళ్తూ, పొంగుతున్న వాగు దాటబోయాడు. మూడో రోజున లారీ దొరికింది. బేళ్ళు దొరికాయి. అతని చెప్పు ఒకటి దొరికింది. సాదిక్ దొరకలేదు.

ఫిబ్రవరిలో, షెడ్డుకి కాయ జోరుగా వస్తున్న రోజుల్లో, సాదిక్ గురించి తాసీల్దారు ఆఫీసు నుంచి ఇంగ్లీషు కాగితం వస్తే నా దగ్గరికి తెచ్చింది. పని మధ్యలోంచి లేచొచ్చినట్టుంది, ఆమె కొంగంతా కారమే. నాకు తుమ్ములు ఆగలేదు.

"ఏం రాశారు మాస్టారూ?"

అంతా చదివాను. అసలు సంగతి ఒక్క మాటలో ఉంది. 'ప్రిజ్యూమ్డ్ డెడ్.'

"చనిపోయినట్టు భావిస్తున్నారమ్మా."

"భావించటం ఏందండీ? పోయాడా, ఉన్నాడా?"

"ఎవరూ చూడలేదు గదా. పోయి ఉంటాడని లెక్క."

"ఎవరి లెక్క?"

ఇదే మాటని బోర్డు మీద రాసి, 'రుజువు లేకపోయినా నిజమని తీసుకోవడం' అని పిల్లల చేత పదేసిసార్లు రాయించినవాణ్ణి. ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లవాడూ ఎవరి లెక్క అని అడిగిన పాపాన పోలేదు. నేను మాత్రం ఎప్పుడన్నా ఆలోచించానా!

"కాయ చేతికొస్తే ఎర్రదో తాలో తేల్చెయ్యాలండీ. మాకు మూడో కుప్ప ఉండదు. ఈయన్ని ఏ కుప్పలో వెయ్యమంటారు?"

అప్పుడు చెప్పింది తన అవస్థ. మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చోవాలి, ఇల్లు కదలకూడదు. "పోయినోడి కోసం కూర్చోకుండా పనికి పోతదేంది?" అని ఇరుగుపొరుగు. మెడలో నల్లపూసల మీద చెయ్యి పడితే చాలు, "నా కొడుకు బతికుండగానే తీసేస్తావా?" అని అత్త ఖుర్షిదా శోకాలు. ఏడిస్తే ఇంట్లో తప్పు, ఏడవకపోతే వీధిలో తప్పు. నా దగ్గరికి వచ్చేముందు మసీదుకి పోయి అడిగితే ఇమాం సాబు, "పోయాడని కాగితంలో తేటగా ఉంటే కూర్చోమ్మా. అందులో ఏముందో మాస్టారి చేత తెలుగులో రాయించుకురా" అన్నారట.

"మీరెట్టా రాస్తే అట్టా మాస్టారూ. పోయాడనే రాసెయ్యండి, పోనీ. తలుపేసుకుని ఒక్కసారి ఏడుస్తాను."

కలం పట్టుకున్నాను. 'చనిపోయాడు' అని రాయడానికి ఎంతసేపు? కానీ, ఆ మనిషిని చంపడానికి నేనెవర్ని? పోనీ, ఉన్నాడని రాయడానికి మాత్రం నేనెవర్ని? ఇంట్లో ఉన్న మూడు నిఘంటువులూ తిరగేశాను. మూడూ నాలాగే నసిగాయి. చివరికి, 'చనిపోయి ఉంటాడని అనుకోవడమైనది' అని రాసి కింద సంతకం పెట్టాను. ఒక్క తప్పు లేదు. నా చదువు తగలెయ్య!

మర్నాడు షెడ్డుకి పోతూ మా గుమ్మం ముందు ఆగింది. నల్లపూసలు మెడలోనే ఉన్నాయి. కొంగు నిన్నటి కారంతోనే ఎర్రగా ఉంది.

"అనుకోవటం చాలదన్నారండీ ఇమాం సాబు. ఇద్దత్ కూర్చోటానికి లేదంట."

"పోన్లేమ్మా, మంచిదేలే" అన్నాను. ఏం మంచిదో నాకే తెలియదు.

ఆమె కాగితం నా చేతికిచ్చింది. "ఒక్క ముక్క చెప్పండి మాస్టారూ. ఇది రాసినోళ్ళు ఇంకా ఎన్నాళ్ళు అనుకుంటారంట?"

మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. వెనక్కి తిప్పి చూశాను.

"రాయలేదమ్మా."

"అయితే అప్పటిదాకా నేను ఏడవగూడదన్నమాట" అంది. కళ్ళు తుడుచుకోబోయి కొంగు పైకెత్తింది. దానికున్న కారం చూసి ఆగిపోయి, కొంగు దోపుకుని, షెడ్డుకి నడిచింది.