హుమాయూన్ చేతి సోడా

బెంజ్ సర్కిల్ దాటాక బందరు రోడ్డు నుంచి చీలే ఒక పక్కవీధి మొగలో, ఆటో స్టాండును ఆనుకుని, హుమాయూన్ నిమ్మకాయ సోడా బండి ఉంటుంది. అతని చేతి సోడా తాగినవాడు మరో బండి వంక చూడడని ఆ స్టాండులో పేరు. అందులో మర్మమేమీ లేదు. మిగతావాళ్లు కాయను ఇనప మరలో పెట్టి నొక్కుతారు, హుమాయూన్ చేత్తో పిండుతాడు. మరలో నలిగితే తొక్కలోని చేదు రసంలోకి దిగుతుందని కంకిపాడు సెంటరులో ముప్పై ఏళ్లు సోడాలమ్మిన అతని తండ్రి చెప్పేవాడు. "ఉప్పా, తీపా, రెండూనా?" అని అడిగి, జవాబు వచ్చేలోగా కాయను రెండు చెక్కలు చేసి, చెయ్యి పైకెత్తి గుప్పిట్లో పిండేవాడు హుమాయూన్. ధార గ్లాసులో పడేది. కొంత రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా జారేది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

తండ్రి నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. పిండిన చెక్కను అతను పారేసేవాడు కాదు, ముఖానికీ మెడకూ రుద్దుకునేవాడు. జిడ్డు పోయి చర్మం తేటపడుతుందని అతని నమ్మకం. తాను రుద్దుకుని ఊరుకునే మనిషీ కాదు. ఎండన పడి వచ్చిన ఆటోవాళ్లకు సోడా గ్లాసుతోపాటు చెక్క కూడా చేతిలో పెట్టేవాడు.

"రుద్దరా, రుద్దు. పెళ్లిచూపులకు పనికొస్తావు."

మగవాడు ముఖానికి క్రీము రాసుకుంటే ఆ స్టాండులో వారం రోజులు చెప్పుకుని నవ్వుకునేవారు. నిమ్మచెక్క రుద్దుకుంటే మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. అది మోటుగా, మగతనానికి లోటు రాకుండా ఉండేది.

ఏళ్ల తరబడి దీనివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. బండి ఒక బట్టల దుకాణం రేకుల చూరు కింద ఉండేది. సాయంత్రం దాకా అక్కడ నీడ. అయితే ఆ ఏడాది వేసవి మొదట్లో దుకాణం పడగొట్టి కొత్త భవనం కట్టడం మొదలుపెట్టారు. బండి నాలుగడుగులు ఇవతలికి జరిగి, నెత్తిన చూరు లేని చోట ఆగింది. ఎండ పెరిగేకొద్దీ గిరాకీ పెరిగింది. హుమాయూన్ సంతోషించాడు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. మొదట చేతుల మీద ఎర్రగా మంట పుట్టింది. తర్వాత నీటిపొక్కులు లేచాయి. అవి చితికి, ఆరి, మణికట్టు నుంచి మోచేతి వరకు నల్లటి చారలు మిగిలాయి. చెంపల మీదా మెడ మీదా కాలిన కాగితం అంచుల్లాంటి మచ్చలు తేలాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. వేపాకు నూరి పట్టించాడు. మచ్చలు తగ్గకపోగా కొత్తవి పుట్టాయి.

గ్లాసు అందుకునే చేతులు తటపటాయించడం అతనికి ముందే తెలిసింది. కొందరు బండి దాకా వచ్చి, ఫోను చూసుకుంటున్నట్టు నటించి, ముందుకు నడిచిపోయేవారు. చేతులు కనపడకుండా తువ్వాలు కప్పుకుంటే అనుమానం రెట్టింపయింది.

పిడుగు మాత్రం ఎల్లారావు రూపంలో పడింది. కైకలూరు వైపు కొల్లేటి ఊరివాడు, తండ్రి తాతలది చేపల వేట. తాను మాత్రం విజయవాడ వచ్చి ఆటో కొనుక్కుని, ఆ స్టాండుకు పెద్ద అయ్యాడు. అతని మాట మీదే స్టాండులో వరస నడుస్తుంది. ఒక ఉదయం అతను బండి ముందు ఆటో ఆపి, మొహానికి కట్టుకున్న రుమాలు లాగేశాడు. రెండు చెంపల మీదా హుమాయూన్‌కున్నలాంటి మచ్చలే!

"చూశావా భాయ్? నీ గ్లాసులోంచి నా ముఖానికెక్కింది. ఆదివారం పెళ్లిచూపులు పెట్టుకున్నాను. ఈ ముఖమేసుకుని వెళ్లమంటావా?"

"ఎల్లారావూ, రోజూ కడిగిన గ్లాసే కదయ్యా ఇచ్చేది..."

"కడిగేది ఏ చేత్తో? ఆ చేత్తోనేగా! ఇంకోడికి అంటించకముందే బండి ఇక్కణ్ణుంచి తీసెయ్. సోమవారానికి ఈ మొగలో నువ్వు కనపడకూడదు."

ఆ మధ్యాహ్నం కాయల బస్తా విప్పిన ముడి విప్పినట్టే, ఒక్క కాయా తగ్గకుండా ఇంటికి వెళ్లింది.

హుమాయూన్ భార్య నజీమాది బందరు. మాట సూటిగా ఉంటుంది. భర్త అన్నం ముందు కూర్చుని, కంకిపాడు వెళ్లిపోయి ఏదో ఒక పని చూసుకుంటానని అంటుంటే ఆమె కంచం పక్కకు జరిపింది.

"చేతులు తువ్వాల్లో దాచుకుంటే జబ్బు దాగుతుందా? నెల్లాళ్లుగా మజ్జిగకూ వేపాకుకూ చూపించావు. ఒక్కసారి డాక్టరుకు చూపించు."

"డాక్టరేదైనా పెద్ద జబ్బు పేరు చెప్తే?"

"చెప్తే విందాం. నేను పక్కనే ఉంటాగా."

పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో వాళ్ల వంతు వచ్చేసరికి పదకొండయింది. డాక్టరు శాలిని అతని చేతులు తిప్పి చూసింది. ఏ చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గీస్తూ వెళ్లింది.

"ఇవి పైనుంచి కిందికి పారాయండి. జబ్బు ఇలా కాలవ కట్టి పారదు. మీ చేతి మీదుగా ఏదో కారింది. ఏం పని చేస్తారు?"

"నిమ్మకాయ సోడా అమ్ముతానండీ."

"ఎండలోనా?"

"ఇదివరకు నీడలోనేనండి. ఈ వేసవి నుంచే ఎండలో."

"మరి ముఖానికి ఎలా కారింది?"

హుమాయూన్ చెక్క సంగతి చెప్పాడు, తండ్రి నేర్పిన కిటుకు కదా, కాస్త గర్వంగానే చెప్పాడు. శాలిని కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నజీమాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"నిమ్మరసం నీడలో మిమ్మల్నేమీ చెయ్యదు. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే మాత్రం చర్మం కాలుతుంది. అప్పటికప్పుడు తెలియదు. మర్నాడో, ఆ మర్నాడో పొక్కుతుంది. అందుకే నిమ్మకాయ మీద ఎవరికీ అనుమానం రాదు. ఇది జబ్బు కాదండీ, కాలిన మచ్చ. ఎవరికీ అంటుకోదు."

"ఎవరికీనా?" అని మళ్లీ అడిగాడు హుమాయూన్.

"ఎవరికీ. చెక్క రుద్దుకోవడం మానండి. కాయ పిండిన వెంటనే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. పెద్ద గొడుగు వేసుకోండి. పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, ముఖానికీ మెడకూ చెవులకూ సన్‌స్క్రీన్ రాయండి. పొద్దున రాసి వదిలేస్తే చాలదు, చెమటకు పోతుంది. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి."

"సన్‌స్క్రీనంటే... అది ఆడవాళ్లదండీ."

డాక్టరు నోరు తెరిచేలోగా నజీమా అందుకుంది. "ఎండ మగాళ్లను చూసి పక్కకు తప్పుకుంటోందా మరి?"

మచ్చలు పోవడానికి నెలలు పడుతుందనీ, తొందరపడి మందుల షాపులో చర్మం తెల్లబడే ట్యూబులు కొనవద్దనీ చెప్పి పంపింది శాలిని.

ఊరట తిరుగు బస్సెక్కేదాకానే నిలిచింది. కిటికీ పక్కన కూర్చున్న హుమాయూన్ ముఖం ఉన్నట్టుండి మాడిపోయింది.

"నజీమా, ఎల్లారావు చెంపలకు రుద్దిన చెక్క నేనిచ్చిందే."

ఆమె అతని వైపు జరిగింది. మెల్లగా అంది. "చెప్పకపోతే నీకు జబ్బుందన్న పేరు ఉండిపోతుంది. చెప్తే తప్పు నీదవుతుంది. తప్పయితే ఒప్పుకోవచ్చు, దిద్దుకోవచ్చు. జబ్బన్న పేరును ఏ సబ్బుతో కడుగుతావు?"

శనివారం ఎండ నడినెత్తికి వచ్చే వేళ, ఆటోలన్నీ స్టాండుకు చేరినప్పుడు, హుమాయూన్ బండి తోసుకుంటూ వచ్చాడు. కొత్త గొడుగు, మణికట్టు దాకా చొక్కా, బకెట్టు నిండా నీళ్లు, పక్కన సబ్బు. ముఖాన సన్‌స్క్రీన్ సరిగా కలవక తెల్లగా తేలి ఉంది.

స్టాండు మొత్తం ఒక్కసారి ఘొల్లుమంది.

"ఏం భాయ్, ముఖానికి సున్నం కొట్టించావా?"

"పండగొస్తోందేమోరా, రెండో కోటింగు కూడా వేయిస్తాడు!"

ఎల్లారావు మాత్రం నవ్వలేదు. రుమాలు బిగించుకుని ముందుకొచ్చాడు. "తీసెయ్యమన్నానా లేదా?"

"తీసేస్తాను. ముందు ఒక్కమాటకు జవాబు చెప్పు. నీ రెండు చెంపలకూ మచ్చలొచ్చాయి. ముక్కుకు రాలేదేం?"

ఎల్లారావు తడబడ్డాడు. "నాకేం తెలుసు?"

"నిమ్మచెక్క ముక్కుకు కూడా రుద్దావా?"

"లేదు. చెంపలకే."

"గ్లాసులోంచి వచ్చిన జబ్బయితే పెదాలకు కదా ముందు రావాలి? చెక్క పడిన చోటు వెతుక్కుని మరీ వస్తుందా?"

స్టాండులో నవ్వులు ఆగాయి. హుమాయూన్ ఎదురుగా తాళంచెవులు చేసుకునే ముసలి హనుమయ్య వైపు తిరిగాడు. "బాబాయ్, నువ్వు నా సోడా మానిన రోజుందా?"

"రోజుకు రెండు తాగుతా. షుగరొచ్చాక ఉప్పుదే తాగుతున్నా."

"చెక్క రుద్దుతావా?"

"ఈ వయసులో నాకు ఎవరితో పెళ్లిచూపులు రా?"

హనుమయ్య ముఖం మీద ముడతలు తప్ప మచ్చ లేదు. అందరూ చూశారు. కానీ ఎల్లారావు అంత తేలిగ్గా లొంగే మనిషి కాడు. పార్సిళ్లు పంచే ఫిలిప్ అప్పుడే బైకు ఆపుతుంటే అటు వేలు చూపించాడు.

"మరి వీడి సంగతేంటి? రోజూ నా పక్కనే నిలబడి చెక్క రుద్దాడు. వీడి ముఖం శుభ్రంగా ఉందే! నిమ్మకాయ నన్నొక్కణ్ణే కరిచిందా?"

హుమాయూన్ ఫిలిప్ ముఖమంతా వెతికాడు, ఒక్క మచ్చా దొరకలేదు. ఫిలిప్ హెల్మెట్ తీసి, విషయమేమిటో తెలియక, అందరి వంకా చూశాడు. చెమటకు మెడ దురద పెడుతుంటే కాలరు కిందికి లాగి గోక్కున్నాడు.

"ఆగాగు, అలాగే ఉండు!" అని హనుమయ్య కేకేశాడు. "మెడ చూడండ్రా!"

హెల్మెట్ అంచుకూ కాలరుకూ నడుమ, ఎండ పడే వేలెడు మేర, తాడు కట్టినట్టు నల్లటి పట్టీ ఉంది. దానికి పైన మచ్చ లేదు. కింద మచ్చ లేదు.

"ఇదా? బెల్టు ఒరుసుకుందనుకున్నానన్నా," అన్నాడు ఫిలిప్.

హుమాయూన్‌కు ఇక మాటలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. డాక్టరు చెప్పినదంతా చెప్పాడు. నిమ్మరసం మీద ఎండ పడితే ఏమవుతుందో, హెల్మెట్ కింద ముఖం ఎలా మిగిలిందో, నీడ పోయిన నాటి నుంచే తన చేతులెందుకు పొక్కాయో, అన్నీ చెప్పాడు. చివర్లో గొంతు తగ్గింది.

"ఇది అంటుకునేది కాదు. కానీ మీ ముఖాలు కాల్చింది మాత్రం నేనే. మంచిదని నేనే చెక్కలు పంచాను. ఎల్లారావూ, నీకు చెడు చెయ్యాలని కాదు. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అప్పటికీ పొమ్మంటే పోతాను."

ఎల్లారావు రుమాలు విప్పి చేతిలో నలిపాడు. స్టాండంతా అతని నోటి వంక చూసింది.

"రేపు ఆ పిల్ల అడిగితే ఏం చెప్పను భాయ్? నిమ్మకాయ కాల్చిందని చెప్తే నమ్ముతుందా?"

"ఫిలిప్ మెడ చూపించన్నా, నమ్ముతుంది," అన్నారెవరో. ఎల్లారావుకే ముందు నవ్వొచ్చింది. అది పొట్ట పట్టుకునేదాకా పోయింది. నవ్వు తేరుకుని అతను గొడుగు నీడలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఉప్పూ తీపీ రెండూ. మర వద్దు. నీ చేత్తోనే పిండు."

హుమాయూన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. చారలున్న చేతులు రెండూ అందరికీ కనపడేలా కాయ పిండాడు. వెంటనే సబ్బు రుద్ది కడుక్కుని, గ్లాసు అందించాడు. ఎల్లారావు దాన్ని ఎత్తిపట్టి, చుక్క మిగలకుండా ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు బండి మీద బోర్లించి, స్టాండు వైపు తిరిగాడు.

"ఏంట్రా చూస్తారు? రండి! భాయ్ చేతి సోడా తాగనోడికి రేపట్నుంచి వరసలో చోటు లేదు!" తర్వాత గొంతు తగ్గించి, "ఆ సున్నం ట్యూబు ఏదీ, ఇటివ్వు. రేపటిదాకా ఈ ముఖాన్ని ఇంకా మాడ్చుకోలేను."

"వేళ్లకు నిండా తీసుకో. చెవులు మర్చిపోకు," అన్నాడు హుమాయూన్. చూస్తుండగానే ఆ ట్యూబు చేతులు మారింది. ఒకడి ముక్కు తెల్లబడింది, ఇంకొకడి నుదురు తెల్లబడింది. ఎవరూ ఎవర్నీ వెక్కిరించే స్థితిలో లేరు. ఫిలిప్ మెడ చుట్టూ గంధంలా పట్టించుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి గొడుగు నీడ చాలక వరస రోడ్డు అంచు దాకా సాగింది. దారినపోయే స్కూటరాయన ఒకడు బండి ఆపి, ఇంతమంది ఎందుకు పోగయ్యారని అడిగాడు. "సోడా కోసమండీ. కావాలంటే వెనక నిలబడండి," అన్నాడు ఎల్లారావు. మూడు కాకముందే బస్తా అడుగు కనపడింది. నజీమాకు ఫోను చేసి ఇంకో బస్తా కాయలు ఆటోలో వేయించి పంపమని చెబుతూ హుమాయూన్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏమైంది?" అని అటు నుంచి కంగారుగా అడిగింది నజీమా.

"ఏం లేదు. చేతులు ఖాళీ లేవు. త్వరగా పంపించు."