రేకుల వార్డు సుభద్రమ్మగారు

ఈ ఎడారి దేశంలో, మంగఫ్‌లోని మా క్లినిక్‌కి వడదెబ్బ తగిలిన కూలీని తెచ్చినప్పుడు, తడి దుప్పటి కప్పగానే ఒంటి మీది చెమట, ఇసుక, సిమెంటు కలిసిన వాసన ఒక్కసారిగా పైకి లేస్తుంది. నాకు సుభద్రమ్మగారు గుర్తొస్తారు. జగిత్యాల నుంచి నర్సుగా కొత్తగా వచ్చిన రోజుల్లో, అహ్మదిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నాకు పని నేర్పింది ఆవిడే. అమలాపురం వైపు మనిషి. అప్పటికే జుట్టంతా నెరిసింది.

ఇంగ్లీషు దొరలు ఆయిల్ కోసం ఎడారిలో ఊరు కడుతున్న తొలినాళ్లలో ఆవిడ వచ్చారట. దొరలకు గోడలున్న వార్డు, కూలీలకు రేకుల షెడ్డు. ఐసు దొరల వార్డుకే. ఒక వేసవిలో పైపులైను తవ్వే కూలీ ఒకడు ఒళ్లు కాలిపోతూ, ఏవేవో మాట్లాడుతూ వచ్చాడు. ఐసు ఇమ్మని అడిగితే నర్సుల పెద్ద అయిన దొరసాని మేట్రన్ కుదరదంది. సుభద్రమ్మగారు దొరల వార్డులోంచి బకెట్ నిండా ఐసు నింపుకుని, అందరూ చూస్తుండగా పట్టపగలు ఆవరణ దాటి తెచ్చేశారు. మనిషి బతికాడు. ఆవిణ్ణి శాశ్వతంగా షెడ్డుకి మార్చేశారు.

“శిక్ష వేశాననుకుంది పాపం ఆ మేట్రన్. మర్నాటి నుంచి రోజూ బకెట్ పట్టుకుని ఆవిడ గుమ్మంలోనే నిలబడేదాన్ని. చివరికి విసుగెత్తి ఆవిడే ఐసు పంపించడం మొదలెట్టింది,” అని నవ్వేవారు.

నేను చేరిన కొత్తలోనే, కడుతున్న భవనం మీంచి పడిన రాజన్న అనే మనిషిని తెచ్చారు. మా జగిత్యాల వైపువాడే. డాక్టరు చూసి, ఇక చేసేదేమీ లేదని వెళ్లిపోయాడు. నేనూ ట్రే సర్దుకుని లేవబోయాను.

“డాక్టరుగారి పని అయిపోయిందమ్మాయ్. మన పని అవలేదు, కూర్చో,” అన్నారు సుభద్రమ్మగారు. “మీ ఊరి మాట మాట్లాడు. నాకు ఆ యాస రాదు.”

“అన్నా, మాది జగిత్యాలనే,” అన్నాను. అతను కళ్లు తెరిచాడు.

“మన దిక్కు వానలు వడ్డయా చెల్లె?”

ఇంటి నుంచి ఏ కబురూ రాలేదు. అయినా, “మస్తు వడ్డయన్నా. నాట్లు వేస్తున్నరు,” అన్నాను. తన మడి గురించి, అందులో ఎప్పుడూ ముందుగా నిండే మూల గురించి అతను కాసేపు చెప్పాడు. సాయంత్రం కాకముందే, నా చేతిలో చేయి ఉండగానే పోయాడు.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. వేణ్నీళ్లు తెమ్మన్నారు. ఇద్దరం కలిసి అతనికి ఒళ్లు తుడిచాం. తల దువ్వుతూ, “ఇంటికెళ్లే మనిషి, శుభ్రంగా వెళ్లాలి,” అన్నారు మెల్లగా. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

కొన్నేళ్లకు ఆవిడ ఊరికి వెళ్లిపోయారు, అక్కడే పోయారు. సెలవు దొరక్క నేను వెళ్లలేకపోయాను. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు, మందు పనిచేయని మనిషికి మనమేం చేయగలమని. వాళ్లని అలాంటి మనిషి మంచం దగ్గరికి తీసుకెళ్లి, ఆయన్ని పేరు పెట్టి పలకరించమంటాను. వాళ్ల మాటకు ఆయన తల తిప్పేదాకా అక్కడుండి, తర్వాత మెల్లగా పక్కకు తప్పుకుంటాను.