కట్టని ఇంటికి గృహప్రతిష్ఠ

మా ఇంటికి పునాది పడకముందే గృహప్రతిష్ఠ చేసేసిన ఘనులం మేము. వినేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ రోజు మాలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పట్లో ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. కింద కోచింగ్ సెంటరు, పైన కోచింగ్ పిల్లల గదులు, మధ్యలో మేము. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన అక్కడే ల్యాబులో. కోస్తా నుంచి వచ్చి ఢిల్లీ ఆసుపత్రుల్లో పనిచేసే మా తెలుగు కుటుంబాలన్నీ శనివారం సాయంత్రం ప్రార్థనకి చేరేవి. చేరే చోటు ఎప్పుడూ ఒకటే, మా వార్డు పెద్ద సిస్టర్‌గారి ఆసుపత్రి క్వార్టరు. ఆవిడని అందరం ఆంటీ అనేవాళ్ళం. మా ఇంట్లో కూడా ఒక్కసారి పెడదామని నాకు మహా కోరిక. పెట్టాను కూడా. మొదటి పాట సగంలో ఉండగానే ఇంటావిడ తలుపు తట్టింది. "దీదీ, బచ్చే పఢ్ రహే హై." పిల్లలు చదువుకుంటున్నారంటే ఇంకేం మాట్లాడతాం? గొంతులు దించుకుని, గుసగుసగా దేవుణ్ణి స్తుతించి అందర్నీ పంపించేశాను.

ఇంతలో ఆంటీ రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేస్తే మా శనివారాలు ఏమైపోతాయని అందరికీ బెంగ పట్టుకుంది. ఘాజియాబాద్‌లో ఫ్లాటు కొనుక్కుందామనుకుంటున్నాం అని చెప్పగానే ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

"హాలు పెద్దది చూసుకోమ్మా. ఇంకేం లేకపోయినా పర్లేదు. మనందరం కూర్చోవాలి."

బిల్డరు ఆఫీసు కిటికీలోంచి చూస్తే వాన నీళ్ళు నిండిన గొయ్యి తప్ప ఏమీ లేదు. లోపల పెద్ద తెర మీద మాత్రం మా ఇంటి తలుపు దానంతటదే తెరుచుకుంది. మేము కుర్చీల్లోంచి లేవకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయాం. హాలు, బాల్కనీ తలుపు, నేల మీద ఎండ, అవతల చెట్లు.

"భయ్యా, ఆ సోఫా తీసెయ్యండి" అన్నాను హిందీలో. కంప్యూటర్ ముందున్నతను తీసేశాడు. "ఇప్పుడు మనుషుల్ని పెట్టండి."

పెట్టాడు. కోటు వేసుకున్న ఒకాయన, హ్యాండ్‌బ్యాగు తగిలించుకున్న తెల్లావిడ, బుడగ పట్టుకున్న పాప. ముగ్గురూ నిలబడే ఉన్నారు.

"కింద కూర్చోబెట్టండి."

"మేడమ్, యే బైఠ్‌తే నహీ."

వాళ్ళు కూర్చోరట. నాకు ఒళ్ళు మండింది. నేను వెళ్ళిందే హాల్లో ఎంతమంది పడతారో తేల్చుకోవడానికి. మా ఆయన మాత్రం నేల మీది ఎండ చూసి అప్పటికే బుట్టలో పడిపోయాడు. ఇల్లు మాట్లాడేసుకుని, ఆ బొమ్మల సీడీ ఒకటి తీసుకుని వచ్చేశాం.

ఆంటీ క్వార్టరులో చివరి శనివారం, పాస్టరుగారూ అందరూ ఉండగా, ఆంటీ కూతురి కంప్యూటర్లో ఆ సీడీ వేశాను. ఊరికే చూపిద్దామనే. గుమ్మం కనబడగానే ఆంటీ అన్నారు, "పాస్టరుగారూ, గడప దగ్గర ఒక మాట ప్రార్థన చెయ్యండి." ఆయన ఒక్క క్షణం తటపటాయించి, మానిటరు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఇక ఆగుతామా? కొత్తింట్లో గది గదికీ ప్రార్థన చెయ్యడం మా ఆనవాయితీ. నేను బాణం మీట నొక్కుతుంటే గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతూ, అందరూ వెనక నిలబడి పాడుతూ ఇల్లంతా తిరిగారు. బాత్రూం దాటించబోతే ఆంటీ ఆపారు. "అదీ ఇంట్లోదే కదమ్మా, ఆగు." హాల్లోకి వచ్చాక బాల్కనీ తలుపు పక్కన తెర మీద వేలు పెట్టారు. "నా చోటు ఇదీ. మోకాళ్ళకి ఎండ తగులుద్ది." కోటాయనకి కూర్చోవడం రాదని చెబితే, "పాపం, ఎవరూ నేర్పలేదేమో" అన్నారు.

తర్వాత ఇల్లు లేవడానికి ఏళ్ళు పట్టింది. ఆంటీ కూతురింటికి వెళ్ళిపోయారు. శనివారాలు చెదిరిపోయాయి. డ్యూటీ నుంచి వచ్చి నేను సీడీ వేసుకుని ఆ ఇంట్లో ఒక్కదాన్నే తిరిగేదాన్ని. పోపు వాసన లేదు, చెప్పుల గోల లేదు. అడుగుపెట్టగలను గానీ ఉండలేను. అయినా అందులోంచి బయటికి రావాలనిపించేది కాదు. లేనింటి మీద అంత మమకారం ఎలా కలిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

తాళాలు చేతికొచ్చిన రోజు తెలిసింది, ఇల్లు తిరగబడిందని. సీడీలో కుడివైపున్నవన్నీ ఎడమవైపుకి వచ్చాయి. అది మాది కాదు, ఎదురు ఫ్లాటు బొమ్మ. పాస్టరుగారి ప్రార్థనంతా ఎదురింటి పంజాబీవాళ్ళకి దక్కిందన్నమాట. బాల్కనీకి ఎదురుగా ఇంకో టవరు గోడ. హాలైతే, బొమ్మలో చూసినదానికీ దీనికీ పొంతనే లేదు.

మొదటి శనివారం అందరూ వచ్చారు. సీడీ చూసిన అలవాటుతో వంటగది అనుకుని ఒక్కొక్కరే బాత్రూంలోకి వెళ్ళి వెనక్కి వచ్చారు. హాల్లో పరిచిన జంఖానా నిండిపోయింది. మిగిలినవాళ్ళు మెట్ల దగ్గర చెప్పుల మధ్య నిలబడ్డారు. అప్పుడు ఆంటీ వచ్చారు, కూతురి చెయ్యి పట్టుకుని. షుగరు ఆవిడ చూపు తీసేసింది. గుమ్మం దగ్గర కూతురి చెయ్యి వదిలించుకున్నారు.

"ఈ ఇల్లు నాకు తెలుసులేవే."

నేరుగా నడిచి కుడివైపుకి తిరిగారు. బాల్కనీ తలుపు ఉండాల్సిన చోట గోడ తగిలింది. దాన్ని రెండు చేతులతో తడుముతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"ఆంటీ, ఇల్లు తిరగబడిందండీ. ఆ తలుపు అటుంది."

"అట్లాగా! ఎండొస్తందా?"

"రాదాంటీ. అడ్డంగా గోడ కట్టేశారు. హాలు కూడా చిన్నది. మనవాళ్ళు సగంమంది మెట్ల దగ్గరే నిలబడిపోయారు." ఇన్నేళ్ళ నా భయం ఆ ఒక్క మాటలో బయటపడింది.

ఆంటీ ఆ గోడకే వీపు ఆనించి, మెల్లగా కిందకి జారి కూర్చున్నారు.

"నిలబడ్డమేంటి? కూర్చోవడం రాంది ఆ కంప్యూటర్లో వాళ్ళకి. మనోళ్ళకేమొచ్చింది? దగ్గరికి జరగమను."

జరిగారు. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలాయి, పిల్లలు ఒళ్ళలోకి ఎక్కారు. మెట్ల దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఇరుక్కున్నారు. చివరికి నాకే చోటు లేక గుమ్మంలో కూర్చున్నాను. ఆంటీ గొంతెత్తి పాట అందుకున్నారు. అందరం గట్టిగా పాడాం. తలుపు తట్టడానికి ఎవరూ రాలేదు.