విప్పని ముడి

ఈ ఉదయం ఆత్మకూరులో మా వంటింట్లో పసుపునీళ్లు మరిగాయి. తడి నూలుగుడ్డ వాసన ఆవిరిలో కలవగానే ఉదయగిరిలో మా పక్కింటి పెంచలమ్మవ్వ వాకిలి కళ్లముందు తేలింది. సాయంత్రమైతే కొండనీడ ఆ వాకిట్లోకి మెల్లగా జారేది. పాతబడిన గుడ్డలకు ఇంట్లో దొరికే వాటితోనే రంగులు వేసేది అవ్వ.

అమ్మ పోయాక ఆమె చీరల్లో నాకు మిగిలింది ఒక్కటే, తెల్ల నూలుచీర. ఒకరోజు బుద్ధిలేక ఆ కొంగులో నేరేడుపండ్లు మూటగట్టాను. పదకొండు మరకలు. ఎన్నిసార్లు ఉతికినా పదకొండే. ఏడుస్తూ అవ్వ దగ్గరికి తీసుకెళ్లాను.

"మరకతో పోట్లాట ఏందిమే? రంగులో కలిపేద్దాం, తే."

మరక ఉన్నచోట చింతగింజ పెట్టి, చుట్టూ దారం బిగించడం నేర్పింది. బడి మధ్యలో మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని. మరకల దగ్గర మొదలుపెట్టి చీరంతా ఎడం కొలిచి నూటముప్ఫై రెండు ముడులు వేశాను. పటిక నీళ్లలో నానబెట్టాక, పసుపు ఎన్ని చెంచాలని అడిగాను.

"నీళ్లు చూసి ఏస్తానుమే. చెంచాలు ఎవురు లెక్కబెట్టినారు?"

నీడలో ఆరాక ముడులు విప్పుతుంటే పసుపు మధ్య తెల్లటి వలయాలు పూస్తున్నట్టు తోచింది. మరకలు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. చివరి ముడి దగ్గర అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనీ. ఆ దారం కింద మీయమ్మ కట్టిన తెలుపు ఉండాది."

లెక్క పూర్తికాలేదని నాకు లోపల ఒకటే పీకులాట. మర్నాడు శుభ్రంగా ఉండాలని చీరను సబ్బుతో ఉతికాను. చూస్తుండగానే పసుపంతా ఎర్రబడింది. తడిచీర గుండెకు హత్తుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"సబ్బేసినావా! నీ లెక్కలో సబ్బు యాడుండాది మే?" అని పగలబడి నవ్వుతూనే చింతపండు పిసికింది. ఆ పుల్లనీళ్లలో ఎరుపు కరిగిపోయి పసుపు తిరిగొచ్చింది. కానీ వలయాల్లోకి రంగు పాకింది. ఎక్కడా తెలుపు లేదు, ఆ ఒక్క ముడిలో తప్ప.

అవ్వ ఇప్పుడు లేదు. చీర వెలిసినప్పుడల్లా మళ్లీ పసుపు వేస్తాను. నాలుగు చెంచాలని రాసిపెట్టుకున్నా, నీళ్లు చూశాకే వేస్తాను. ఈ రోజూ వేలితో తడిమితే దారం కింద గింజ గట్టిగా తగిలింది. విప్పి చూడాలనిపించింది. కత్తెర పక్కనపెట్టి, ముడితోనే చీరను రంగులోకి దించాను.