నల్ల చొక్కా మీద ఉప్పు చారలు

చిక్కసూగూరులో మా కాంపౌండరుగారు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మస్కి దగ్గర మా వలస రైతుల క్యాంపు దవాఖానాలో పనిచేసిన మనిషి. ఏడుపు రావాలి కదా, నాకు ముందుగా ఆ ఎండాకాలం సైకిలు పందెం గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది.

అంతకు ముందటేడు అదే పందెంలో, సగం దారిలో వడదెబ్బ తగిలి అందరి ముందూ పడిపోయాను. "ఇంకోసారి పందెమంటే సైకిలు అమ్మేస్తానురోయ్" అంది అమ్మ. కాంపౌండరుగారే అడ్డుపడ్డారు. "ఒంటికి ఎండ అలవాటు చేయాలె చెల్లె, గంతే. నాకొక్క నెల ఇయ్యి. పనికిరాడంటే నేనే వద్దంట."

మొదటి రోజు ఎండలో పదే నిమిషాలు. దిగగానే "ఎంత కష్టమైంది? పదికెన్ని మార్కులు?" అనేవారు. ఆ మార్కుల్ని నిమిషాలతో హెచ్చవేసి నోటుపుస్తకంలో రాసుకునేవారు. వారానికి కూడిన అంకె మరీ పెరిగితే మర్నాడు సైకిలు ముట్టనిచ్చేవారు కాదు. తొక్కకముందూ, తొక్కాకా వడ్ల కాటా ఎక్కించి, తగ్గిన బరువుకు సరిపడా ఉప్పేసిన మజ్జిగ తాగించేవారు.

ఒకరోజు గొప్పకు పోయి "రెండే" అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని గడియారం చూశారు.

"నువ్వు రెండంటున్నవ్, నీ నాడి ఎనిమిదంటున్నది. గిప్పుడు ఎవర్ని నమ్మాలె?"

రెండు రోజులు సైకిలు దవాఖానా వరండాలోనే ఉంది. సిగ్గుతో చచ్చాను.

ఉప్పు బాగా కనబడుతుందని నాకు నల్ల చొక్కా కుట్టించిందీ ఆయనే. మొదట్లో వీపంతా తెల్లటి చారలు. మూడో వారానికి చెమట ఇంకా ముందే పట్టి, ధారగా కారేది కానీ చారలు పలచబడ్డాయి. ఆయన పరుగున వెళ్లి అమ్మను పిలుచుకొచ్చారు.

"సూడు చెల్లె, ఒళ్లు ఉప్పు దాసుకుంటున్నది! ఇగ పంపు."

అమ్మ చొక్కా తిప్పి తిప్పి చూసింది. "మళ్లీ పడిపోతే మీదే పూచీ అన్నయ్యగారూ" అంది.

హట్టి నుంచి మస్కికి పందెం. లింగసుగూరు దాటేసరికి నా ముందు ఏడుగురు! ముందటేడు పడ్డ మలుపు దగ్గర హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. అక్కడినుంచి ఒక్కొక్కరే ఎండకు తాళలేక నీడ వెతుక్కుంటుంటే, నా కాళ్లు మాత్రం ఇంకా ఇంకా అంటున్నాయి. రెండోవాడిగా వచ్చాను. జనం దండ వేస్తుంటే ఆయన నన్ను వెనక్కి తిప్పి చొక్కా వీపు చూసుకుని మురిసిపోయారు.

మొన్న ఆయన పాడె వెంట ఎండలో నడిచి ఇంటికొచ్చి ఒంటి మీది నల్ల చొక్కా విప్పాను. వీపంతా తెల్లటి చారలు. ఇన్నేళ్లూ నా ఎరువుల కొట్లో ఫ్యాను కింద కూర్చుని కూర్చుని నా ఒళ్లు ఉప్పు దాచుకోవడం మరిచిపోయింది. ఉతకబుద్ధి కాలేదు. అలాగే దండెం మీద వేశాను.

ఇవాళ మధ్యాహ్నం సైకిలు తీసి పది నిమిషాలు తొక్కాను. దిగి, ఆ చొక్కా వైపు చూసి, "తొమ్మిది" అన్నాను. ఈసారి అబద్ధం చెప్పలేదు.